లాగేవాడి మీదికి వచ్చిన బరువు

ఇంటర్ ఎంపీసీ చదివిన తెలుగువాళ్లు మరచిపోలేని ప్రశ్న ఒకటుంది. లాన్ రోలర్‌ను నెట్టడం కంటే లాగడం సులువు, ఎందుకు? జవాబు అందరికీ కంఠతా. పిడి పట్టుకుని ఏటవాలుగా పైకి లాగితే మన బలంలో కొంత రోలర్‌ను పైకి ఎత్తుతుంది. అది నేలను అదిమే బలం తగ్గుతుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. నెట్టినప్పుడు అదే భాగం రోలర్‌ను కిందికి నొక్కి ఘర్షణను పెంచుతుంది. రెండు బొమ్మలు గీసి, రెండు సమీకరణాలు రాస్తే మార్కులు వచ్చినట్టే. రాసినవాళ్లలో లాన్ రోలర్‌ను కళ్లారా చూసినవాళ్లెందరో గాని, రైల్వే కాలనీల్లో పెరిగిన పిల్లలు మాత్రం చూసే ఉంటారు. దొరలు పోయినా ఆఫీసర్ల బంగళాల ముందు పచ్చికా, ఆటస్థలంలో క్రికెట్ పిచ్చీ, ఓ మూల తుప్పుపట్టిన రోలరూ మిగిలాయి.

ఆ జవాబులో ఒక్క ముక్క ఎవరూ అడగరు. రోలర్ మీద తగ్గిన ఆ బరువు ఎక్కడికి పోయింది?

ఈ మాట అడగడానికి ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ లాంటి చోటు మరొకటి దొరకదు. రైలు పట్టాలను ఆనుకుని ఉన్న పేట అది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగపూర్ నుంచి రాజ్‌నందగావ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజి దారిని కొని, బ్రాడ్ గేజికి మార్చి, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ చేర్చింది. తర్వాత వాల్తేరు కూడా ఆ కంపెనీ కిందికే వచ్చింది. 1931లో రాయ్‌పూర్, విజయనగరం దారి పూర్తయింది. ఒకే కంపెనీ కొలువు కావడంతో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఫైర్‌మన్లూ ఫిట్టర్లూ గ్యాంగ్‌మన్లూ ఇక్కడే కాపురాలు పెట్టారు. వాళ్ల మనవలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతూ, పెళ్లిళ్లకీ పండగలకీ కోర్బా విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటారు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రం బిలాస్‌పూరే.

ఈ రైల్వేకు అన్నం పెట్టేది బొగ్గు. కోర్బా వైపు గనుల నుంచి నిండు గూడ్సు బండ్లు (రేక్‌లు) రాత్రీ పగలూ వస్తుంటాయి. సిగ్నల్ దగ్గర ఆగిన రేక్ మళ్లీ కదిలేటప్పుడు కప్లింగులు ముందు నుంచి వెనక్కి ఒకటొకటే బిగుసుకునే చప్పుడు ఇళ్లలోకి వినిపిస్తుంది. సన్నగా తుంపర పడే రోజైతే ఇంకోటి కూడా చూడొచ్చు. ఇంజిన్ చక్రాల ముందున్న గొట్టాల నుంచి గాలి ఊదిన ఇసుక పట్టా మీద పడుతుంటుంది. పెద్ద వాన పట్టాను కడిగేస్తుంది గనుక అంత ప్రమాదం లేదు. తుంపరే ప్రమాదం. పట్టా మీది బొగ్గు పొడితో కలిసి జిగటగా తయారై చక్రానికి పట్టు దొరకనివ్వదు.

అంటే ఇక్కడ ఘర్షణ పెరగాలని కోరుకుంటారు. ఇంజిన్‌ను కావాలనే బరువుగా కడతారు. ఆ బరువులో ఒక్క టన్ను కూడా పట్టా మీద నుంచి తేలకూడదని ఇంజినీర్లు తంటాలు పడతారు. పుస్తకమేమో బరువు ఎత్తి లాగమంటుంది. ఈ రెండూ ఒకే సూత్రం నుంచి వచ్చినవే. ఆ సూత్రం మనుషులకు చిక్కడానికి మాత్రం మూడు వందల ఏళ్లు పట్టింది.

మొదట చూసినవాడు లియొనార్డో ద వించి. 1493 నాటి తన నోటుపుస్తకంలో దిమ్మల బొమ్మలు వేసుకుని రెండు మాటలు రాసుకున్నాడు. బరువు రెట్టింపైతే ఘర్షణా రెట్టింపు అవుతుంది. దిమ్మను పడుకోబెట్టినా నిలబెట్టినా ఘర్షణ మారదు. ఎవరికీ చెప్పలేదు, అచ్చు వేయలేదు. ఆ కాగితాలు శతాబ్దాల తరబడి పెట్టెల్లోనే ఉండిపోయాయి. కాబట్టి రెండు వందల ఏళ్ల తర్వాత మరొకరు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆయన గియోమ్ అమోంతోన్. పారిస్‌లో 1663లో పుట్టాడు. చిన్నప్పుడే చెవుడు వచ్చింది. చదువు బడిలో సాగలేదు గాని పనిముట్లు కట్టడంలో దిట్ట. యంత్రాల్లో శక్తి ఎంత వృథా అవుతోందో లెక్క తేల్చాలన్నది ఆయన పట్టుదల. రాగి, ఇనుము, సీసం, కర్ర ముక్కలు తీసుకుని, అన్నిటికీ పంది కొవ్వు పూసి, ఒక ముక్క మీద ఇంకో ముక్క పెట్టి స్ప్రింగుతో అదిమాడు. మరో స్ప్రింగు కట్టి లాగాడు. రెండు స్ప్రింగులూ ఎంతెంత వంగాయో చూస్తే ఎంత అదిమితే ఎంత ఘర్షణో తెలిసిపోతుంది. అన్నిటికీ కొవ్వు పూసినందువల్లో ఏమో, ఏ ముక్క పెట్టినా ఘర్షణ అదిమిన బలంలో మూడో వంతే వచ్చింది. 1699 డిసెంబరులో పారిస్‌లోని సైన్సుల అకాడమీ ముందు ఈ సంగతి చదివాడు.

బరువుతో పాటు ఘర్షణ పెరుగుతుందంటే పెద్దలెవరూ కాదనలేదు. తాకే వైశాల్యంతో పని లేదన్న మాటే మింగుడు పడలేదు. నిజమే మరి, ఇప్పుడు విన్నా నమ్మబుద్ధి కాదు. వెడల్పు ఎక్కువైతే రాపిడి ఎక్కువ ఉండాలి కదా అనిపిస్తుంది. అకాడమీ తరఫున ఫిలిప్ ద లా ఇర్ అనే పెద్దాయన వేర్వేరు సైజుల చెక్కలూ పాలరాళ్లూ పెట్టి మళ్లీ చేసి చూశాడు. అమోంతోన్ చెప్పిందే నిలిచింది. ఎందుకలా అన్నదానికి సరైన జవాబు 20వ శతాబ్దం నడిమి దాకా రాలేదు. కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు దాన్ని చెప్పారు. పైకి నున్నగా ఉన్న తలాలు నిజానికి కొన్ని గరుకు కొనల దగ్గరే తాకుతాయి. బరువు పెరిగినకొద్దీ ఆ కొనలు నలిగి, నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది. కంటికి కనిపించే వైశాల్యానికి ఇందులో పాత్ర లేదు.

అసలు కథ ముందుకు కదిలింది గుర్రాల వల్ల. 18వ శతాబ్దపు ఐరోపాలో బండ్లను ఎక్కువగా గుర్రాలే లాగేవి. పగ్గాలు ఎంత వాలులో కట్టాలన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. 1722లో కామ్యూ అనే ఫ్రెంచి రచయిత పగ్గాలు నేలకు సమాంతరంగా ఉండాలన్నాడు. ముందుకు వెళ్లాల్సిన బండికి పైకి లాగే బలం దండగ అని ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. పరీక్షలో మొదటిసారి ఈ లెక్క చేసే పిల్లవాడు కూడా ఇలాగే అనుకుంటాడు. బలమంతా ముందుకే పెడితే ఎక్కువ లాభం గదా!

1760లో దెపార్సియో అనే ఆయన ఈ మాటను తిరగేశాడు. గుర్రం కండబలంతో లాగడం లేదు, తన బరువుతో లాగుతోంది అన్నాడు. వెనక కాళ్లను నేలకు తన్నిపెట్టి, ఒంటి బరువును ముందుకు వాల్చి లాగుతుంది. గట్టిగా లాగాల్సి వచ్చినప్పుడు రొమ్మును కిందికి దించుతుంది. పగ్గం బండి నుంచి గుర్రం వైపు 14, 15 డిగ్రీల ఎత్తున ఉంటే మంచిదని ప్రయోగాలు చేసి తేల్చాడు. బండి మీద నుంచి పైకి లాగిన బలం దండగ కాలేదు, గుర్రం కాళ్ల మీదికి చేరింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన మలుపు ఇదే. అప్పటిదాకా అందరూ లాగబడే వస్తువు వైపే చూశారు. ఈయన లాగేదాని వైపు చూశాడు.

గుర్రానికి మొదటి కొన్ని అడుగుల్లో ఎక్కువ బలం ఎందుకు కావాలన్నది ఇంటర్ పుస్తకాల్లో ఇంకో ప్రశ్న. దాని బాకీ గణితవేత్త ఆయిలర్ తీర్చాడు. ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి పట్టే ఘర్షణ వేరు, కదిలాక ఉండే ఘర్షణ వేరు అని 1750లో అచ్చయిన వ్యాసాల్లో గణితంగా విడమరిచాడు.

చివరికి అన్నిటినీ ఒక్కచోట చేర్చినవాడు కూలుంబ్. విద్యుదావేశాల సూత్రం పేరుతో మనకు తెలిసిన ఆ కూలుంబే. ఆయన వృత్తి సైన్యంలో ఇంజినీరు. మార్టినీక్ దీవిలో కోట కడుతూ ఆరోగ్యం పాడుచేసుకుని 1772లో తిరిగొచ్చాడు. యంత్రాల్లో ఘర్షణ మీద అకాడమీ 1779కి ఒక బహుమతి పెట్టింది. వచ్చిన వ్యాసాలేవీ నచ్చక, సొమ్ము రెట్టింపు చేసి 1781కి వాయిదా వేసింది. కూలుంబ్ అప్పుడు రోష్‌ఫోర్ అనే ఓడరేవు పట్నంలో ఉన్నాడు. అక్కడి నౌకల కార్ఖానాలో ఓక్ దూలాలకు కొదవ లేదు. గట్టి బల్ల కట్టించి, దాని మీద బరువులు ఎక్కించిన చెక్క దిమ్మను తాడుతో లాగించాడు. చేతిలో ఆడే చిన్న ముక్కలతో కాక నిజంగా మోయలేని బరువులతో చేయడమే ఆయన గొప్ప. దిమ్మను అలాగే వదిలేసి కాసేపాగి లాగితే మొదటి కదలికకు ఇంకా ఎక్కువ బలం పడుతోందనీ, కదిలాక వేగంతో ఘర్షణ పెద్దగా మారడం లేదనీ చూశాడు. బహుమతి ఆయనకే వచ్చింది. ఈనాటికీ తరగతి గదుల్లో చెప్పేది ఆయన కూర్చిన సూత్రాలే.

ఈ సూత్రాల నుంచి లాగాల్సిన కోణం వచ్చేస్తుంది. ఒక చెక్క మీద దిమ్మ పెట్టి, చెక్క ఒక కొసను నెమ్మదిగా ఎత్తుతూ పోండి. ఒక వాలు దగ్గర దిమ్మ జారడం మొదలుపెడుతుంది. ఆ కోణపు టాంజెంటే ఘర్షణ గుణకం. ఈ కోణాన్ని పరాన్ అనే ఫ్రెంచి ఆయన 1704లోనే పట్టుకున్నాడు. చిత్రమేమంటే అదే దిమ్మను అదే చెక్క మీద, చెక్కను నేలకు సమంగా పరిచి తాడుతో లాగాలంటే, అన్నిటికంటే తక్కువ బలం పట్టే తాడు వాలు కూడా సరిగ్గా అంతే. దిమ్మ బరువుతో సంబంధం లేదు.

దీన్ని అంకెల్లో చూడాలంటే మన బండలాగుడు పందేలకు వెళ్లాలి. సంక్రాంతి నుంచి వేసవి తిరునాళ్ల దాకా గుంటూరు, ప్రకాశం, కృష్ణా, రాయలసీమ ఊళ్లలో ఒంగోలు జాతి ఎడ్ల జతలతో ఇవి జరుగుతాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు, ఒక్కోదానికి ఒక్కో బరువు బండ. పెట్టిన గడువులో ఎన్ని అడుగులు లాగితే అంత. నేల మీద బండ, దానికి కట్టిన గొలుసు, మనిషి ఛాతీ ఎత్తులో కాడి. గొలుసు ఎప్పుడూ ఏటవాలే. భౌతికశాస్త్రం పుస్తకంలోని బొమ్మ దుమ్ములో నడిచి వస్తున్నట్టే ఉంటుంది. చర్నాకోలల దెబ్బలూ తోకలు మెలిపెట్టడమూ లేకుండా జరిగితే ఇంకా సంతోషంగా చూడొచ్చు.

బండ వెయ్యి కిలోలనీ, నేలతో ఘర్షణ గుణకం 0.5 అనీ అనుకుందాం. గొలుసు నేలకు సమాంతరంగా ఉంటే 500 కిలోల బలం పెట్టాలి. వాలు 26.5 డిగ్రీలైతే 447 కిలోలు చాలు. ఆ 447ను విడదీస్తే ముందుకు లాగేది 400, పైకి ఎత్తేది 200. బండ నేలను ఇప్పుడు 800 కిలోలతోనే అదుముతుంది, దాని ఘర్షణ 400. లెక్క సరిపోయింది. వాలు ఇంకా పెంచుకుంటూ పోతే లాభం మళ్లీ కరిగిపోతుంది. 53 డిగ్రీల దగ్గర తిరిగి 500 కిలోలే కావాలి, సమాంతరంగా లాగినదానికీ దీనికీ తేడా ఉండదు. అయితే సరైన కోణానికి అటూ ఇటూ తప్పినా నష్టం స్వల్పమే. 15 డిగ్రీల దగ్గర కూడా 456 కిలోలతో పని జరిగిపోతుంది. కోణమానిని లేని రైతు కంటితో చూసి గొలుసు పొడుగు సవరించుకున్నా పోయేదేమీ లేకపోవడానికి కారణం ఇదే. దెపార్సియో చెప్పిన 14, 15 డిగ్రీలు కూడా తక్కువ బలం పట్టే ఈ కోణాల చుట్టుపక్కలే ఉన్నాయి.

ఇక పైకి పోయిన ఆ 200 కిలోల జమాఖర్చు. బండ పద్దులో తగ్గింది గొలుసు వెంట కాడి మీదికి, కాడి నుంచి మెడల మీదికి, అక్కడి నుంచి ఎనిమిది గిట్టల కిందికి దిగింది. జత బరువు కూడా వెయ్యి కిలోలే అనుకోండి. గొలుసు సమాంతరంగా ఉన్నప్పుడు ఎడ్లు 500 కిలోల బలంతో నేలను వెనక్కి తన్నాలి. అంటే తమ బరువులో సగం పట్టు నేల ఇవ్వాలి, లేకపోతే గిట్ట జారుతుంది. వాలుగా ఉన్నప్పుడు తన్నాల్సింది 400 కిలోలే, కింద అదిమే బరువు 1,200 కిలోలు. మూడో వంతు పట్టు చాలు. బండకు ఘర్షణ తగ్గింది, గిట్టకు పట్టు పెరిగింది. రెండు లాభాలూ ఒకే గొలుసు నుంచి. పందెంలో ఊపు మీదున్న ఎద్దు ముందుకాళ్లు వంచి ఛాతీని నేలకు దించడం చూసినవాళ్లకు దెపార్సియో గుర్రం గుర్తుకు రావాలి.

రైలు కథ మొదలైంది సరిగ్గా ఈ పట్టు మీద అపనమ్మకంతోనే. నున్నటి ఇనుప పట్టా మీద నున్నటి ఇనుప చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది గాని బండ్లను లాగదని ఇంగ్లండులో చాలామంది భయపడ్డారు. బ్లెంకిన్‌సాప్ 1811లో పట్టా పక్కన పళ్లు, చక్రానికీ పళ్లు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. బ్రంటన్ అనే ఆయన 1813లో ఏకంగా ఇంజిన్‌కు వెనక రెండు కాళ్లు అమర్చాడు. అది నేలను తన్నుకుంటూ నడిచింది కూడా. 1815లో బాయిలర్ పేలి మనుషులు పోయాక ఆ కాళ్ల కథ ముగిసింది.

వైలం బొగ్గుగనిలో విలియం హెడ్లీ వాదన పెట్టుకోకుండా కొలిచి చూశాడు. ఆవిరి లేని ఒక బండి కట్టి, దాని చక్రాలను మనుషుల చేత తిప్పించాడు. బండి మీద బరువులు పెంచుకుంటూ, వెనక బొగ్గు బండ్లు తగిలించుకుంటూ పోయాడు. ఎంత బరువుకు ఎన్ని బండ్లు లాగితే చక్రం జారుతుందో పట్టిక తయారైంది. పళ్లూ కాళ్లూ అక్కర్లేదు, ఇంజిన్ తగినంత బరువుంటే చాలని తేలింది. 1813, 14 ప్రాంతంలో ఆయన ఇంజిన్ పఫింగ్ బిల్లీ పనిలో దిగింది.

బిలాస్‌పూర్ విద్యుత్ లోకో షెడ్డులో ఉండే వ్యాగ్-9 ఇంజిన్ బరువు 123 టన్నులు, ఆరు ఇరుసుల మీద. ఆగి ఉన్న బండిని లాగేటప్పుడు అది 460 కిలోన్యూటన్ల దాకా, అంటే దాదాపు 47 టన్నుల బలం చూపిస్తుంది. తన బరువులో నూటికి 38 వంతులు. మోటార్లకు ఇంకా సత్తువ ఉన్నా పట్టా ఇవ్వగలిగింది ఇంచుమించు అంతే. వెనకున్న వ్యాగన్లకు మాత్రం ఇసుకా వద్దు, పట్టూ వద్దు. దొర్లే ఉక్కు చక్రం ఆగినచోటి నుంచి కదలడానికి సమతలం మీద టన్నుకు నాలుగైదు కిలోల బలమే అడుగుతుంది. 2022 ఆగస్టు 15న ఐదు గూడ్సు బండ్లను ఒక్కటిగా కలిపి, ఆరు ఇంజిన్లతో, బొగ్గు నింపిన 295 వ్యాగన్లతో, మొత్తం దాదాపు 26,000 టన్నుల బరువుతో కోర్బా నుంచి రాజ్‌నందగావ్‌కు నడిపిన సూపర్ వాసుకి పొడవు మూడున్నర కిలోమీటర్లు. 267 కిలోమీటర్ల దారికి 11 గంటల 20 నిమిషాలు పట్టింది. ఆ బరువును బండలా మట్టి మీద ఈడ్చాలంటే మన లెక్క ప్రకారం 13,000 టన్నుల బలం కావాలి. చక్రాల మీద 104 నుంచి 130 టన్నులతో కదులుతుంది.

వ్యాగన్లను కోణంలో ఎత్తి లాగితే కలిసొచ్చేది దాదాపు సున్నా. గుణకం అంత చిన్నదైనప్పుడు సరైన కోణమూ అంతే చిన్నది. బరువు తిప్పలన్నీ ఇంజిన్‌కే. లాగుడు వ్యాగన్లను తగిలించే కప్లర్ దగ్గర ఉంటుంది, అది పట్టాకు 1.1 మీటర్ల ఎత్తున. ముందుకు తోసే ఘర్షణ పట్టా మట్టంలో ఉంటుంది. ఒకటి పైన వెనక్కి, ఒకటి కింద ముందుకు. ఈ రెండూ కలిసి ఇంజిన్ ముక్కును పైకి లేపాలని చూస్తాయి. ఇంజిన్ కింద మూడేసి ఇరుసులను పట్టి ఉంచే చట్రాలను బోగీలంటారు; ముందు బోగీకీ వెనక బోగీకీ మధ్య దూరం 12 మీటర్లు. 47 టన్నుల లాగుడుకు లెక్క కడితే ముందు బోగీ మీద నుంచి నాలుగు టన్నులకు పైగా వెనక బోగీ మీదికి వెళ్లిపోతాయి. అందుకే తుంపరలో ముందుగా జారేవి ముందు చక్రాలే.

దీనికోసమే బోగీ నుంచి ఇంజిన్ ఒంటికి లాగుడును అందించే కడ్డీలను వీలైనంత కిందికి దించి అమర్చారు. దానివల్ల ఒకే బోగీలోని మూడు ఇరుసుల మధ్య బరువు అటూ ఇటూ పోవడం బాగా తగ్గుతుంది. చక్రం జారుతోందని తెలియగానే ఆ బోగీ మోటార్ల బలం తగ్గించే ఎలక్ట్రానిక్స్ ఉంది, పైనుంచి ఇసుక ఉండనే ఉంది. ముందు బోగీ నుంచి వెనక బోగీకి పోయే ఆ నాలుగు టన్నులను మాత్రం ఎవరూ ఆపలేరు, దేశంలోని వ్యాగన్లన్నిటి కప్లర్లనూ పట్టా మట్టానికి దించితే తప్ప.